సామూహిక ఆహార ప్రాజెక్టు: ముందు ఏం తేల్చుకోవాలి, తర్వాత ఏం కొలవాలి

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా. మీరు కొందరు కలిసి ఒక ఖాళీ స్థలంలో కూరగాయల తోట వేసి, పండినది చుట్టుపక్కల వంద కుటుంబాలకు వారానికోసారి పంచాలనుకుంటున్నారు. పక్కనే అందరూ కలిసి వండుకునే వంటశాల ఆలోచన కూడా ఉంది. రెండేళ్ల గ్రాంట్ ఇస్తామన్న సంస్థ మాత్రం 'ఆహార భద్రత ఎంత మెరుగుపడిందో కొలిచి చూపించాలి' అని షరతు పెట్టింది. ప్లాన్ ఎలా వేసుకోవాలి, ఏం కొలవాలి అని అడిగారు. ఇలాంటి ప్రాజెక్టులకు ప్రణాళికలు వేయడం, తర్వాత వాటి ఫలితాలను అంచనా కట్టడం చాలాకాలంగా నా పని. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మీ ప్రాజెక్టు దేన్ని మార్చగలదో, దేన్ని మార్చలేదో ప్రపోజల్ రాసేటప్పుడే తేల్చుకోండి. అది తేలితే కొలవాల్సినవి వాటంతట అవే కనిపిస్తాయి. అది తేల్చకుండా పెద్ద మాట ఇచ్చేస్తే రెండో ఏడాది చివర్లో బోలెడు టెన్షన్ మిగులుతుంది. మంచి పని చేసి కూడా 'అనుకున్న ఫలితం రాలేదు' అని రాసుకోవాల్సి వస్తుంది. అలాంటి రిపోర్టులు చాలా చూశాను. ప్రతిసారీ బాధేస్తుంది, ఎందుకంటే తప్పు వాళ్లు చేసిన పనిలో ఉండదు, మొదట్లో ఇచ్చిన మాటలో ఉంటుంది.

ముందు తోట సంగతి లెక్క వేద్దాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకారం మనిషి రోజుకు కనీసం 400 గ్రాముల పండ్లు, కూరగాయలు తినాలి. అంటే ఏడాదికి 146 కిలోలు. మీ స్థలం 500 చదరపు మీటర్లు అనుకుందాం. దారులు, ఎరువు గుంత, నీళ్ల తొట్టి, పనిముట్ల గది పోను సాగుకు 300 మిగిలితే గొప్పే. చదరపు మీటరుకు ఏడాదికి 4 కిలోల చొప్పున పండిందనుకుంటే మొత్తం 1,200 కిలోలు. మొదటి ఏడాదే అంత వస్తుందని ఆశ పెట్టుకోకండి. వచ్చినా సరే, అది ఎనిమిది మందికి మాత్రమే పూర్తిగా సరిపోతుంది. వంద కుటుంబాలకు సమానంగా పంచితే కుటుంబానికి ఏడాదికి 12 కిలోలు, అంటే వారానికి పావు కిలో కంటే కాస్త తక్కువ.

ఈ లెక్క చూశాక మీ ముందు నిజమైన దారులు కనిపిస్తాయి. తక్కువ కుటుంబాలను ఎంచుకుని, తేడా తెలిసేంత ఎక్కువ ఇవ్వొచ్చు. లేదా పంచే సరుకులో ఎక్కువ భాగం రైతుల దగ్గర టోకున కొని, తోటను నేర్చుకోవడానికి, కలుసుకోవడానికి, పిల్లలు మట్టిలో చేతులు పెట్టడానికి ఉంచుకోవచ్చు. రెండూ మంచి ప్రాజెక్టులే. కానీ రెండింటి బడ్జెట్ వేరు, కొలవాల్సినవి వేరు. నన్నడిగితే, వంద కుటుంబాలు అన్న అంకె మీరు నిజంగా నిలబెట్టుకోవాలనుకుంటే రెండోదే సరైనది. తోట మీద ప్రేమతో దాని మీద మోయలేనంత బరువు పెట్టకండి.

ఇక 'ఆహార భద్రత' అన్నప్పుడు అందులో ఏ ముక్క అని అడగాలి. 1996లో రోమ్‌లో జరిగిన ప్రపంచ ఆహార శిఖరాగ్ర సదస్సు ఇచ్చిన నిర్వచనం ప్రకారం, అందరికీ అన్ని వేళలా, ఆరోగ్యంగా చురుగ్గా బతకడానికి సరిపడా, సురక్షితమైన, పోషకాలున్న, తమకు నచ్చే ఆహారం అందుతూ ఉండాలి. దాన్నుంచే నాలుగు కోణాలు వచ్చాయి: ఆహారం ఉండటం, అది మనకు అందడం, ఒంటికి పట్టేలా తినగలగడం, ఇదంతా నిలకడగా సాగడం. ఐక్యరాజ్య సమితి ఆహార భద్రత కమిటీకి సలహా ఇచ్చే నిపుణుల బృందం 2020లో ఇంకో రెండు చేర్చమంది. ఒకటి, తమ ఆహారం గురించి తామే నిర్ణయించుకోగల శక్తి. రెండోది, భవిష్యత్తు తరాలకు కూడా మిగిలేలా ఉండటం. చిన్న సామూహిక ప్రాజెక్టులు నిజంగా బలంగా ఉండేది ఈ నిర్ణయ శక్తి విషయంలోనే అని నా నమ్మకం. విచిత్రంగా ప్రపోజల్స్‌లో దాని గురించే ఒక్క వాక్యం కూడా ఉండదు. ఎంతసేపూ కిలోల లెక్కే.

అందుబాటు అంటే దగ్గర్లో దొరకడం అనే అనుకుంటాం. అది కూడా జాగ్రత్తగా చూడాల్సిన విషయం. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో సరైన దుకాణం లేని ఒక ప్రాంతంలో కొత్త సూపర్ మార్కెట్ తెరిచినప్పుడు, అలాంటిదే ఇంకో ప్రాంతంతో పోల్చి పరిశోధకులు ఏం మారిందో చూశారు. 2014లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, తిండి దొరకడం సులువైందని జనం చెప్పారు. కానీ వాళ్లు తినే పండ్లు, కూరగాయల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అమెరికా మొత్తం మీద చేసి 2019లో ప్రచురించిన మరో అధ్యయనం ఇంకా స్పష్టంగా చెప్పింది. తక్కువ ఆదాయం, ఎక్కువ ఆదాయం ఉన్న ఇళ్ల మధ్య తిండి నాణ్యతలో ఉన్న తేడాలో, దొరికే సరుకు, వాటి ధరల వల్ల వచ్చేది సుమారు పదో వంతేనట. మిగతాదంతా వేరే చోట ఉంది.

అందుకే మొదలుపెట్టే ముందు ఆ కుటుంబాలను అడగండి. 'మీకు తోట కావాలా' అని అడిగితే ఎవరైనా కావాలనే అంటారు. 'పోయిన వారం ఏ రోజు వంట కష్టమైంది, ఎందుకు' అని అడగండి. డబ్బు చాలలేదా, రాత్రి షిఫ్టు వల్ల టైమ్ లేదా, గ్యాస్ అయిపోయిందా, దాచుకోవడానికి ఫ్రిజ్ లేదా, పిల్లలు తినరా, మోసుకురాలేని వయసా. ఏడాదిలో ఏ నెలలు గడవడం కష్టమో ఒక క్యాలెండర్ గీయించండి. ఈ పనికి రెండు నెలలు పట్టినా వృథా కాదు. మీటింగుకు వచ్చినవాళ్లతోనే ఆపేయకండి. తిండి ఇబ్బంది ఎక్కువ ఉన్నవాళ్లు సాధారణంగా మీటింగుకు రాలేనంత పనిలో ఉంటారు. వాళ్లు పనికెళ్లే దారిలో, పిల్లల్ని బడి నుంచి తెచ్చుకునే చోట కలవాలి.

స్థలం గురించి రెండు మాటలు. ఎన్నేళ్లు వాడుకోవచ్చో కాగితం మీద రాయించుకోండి. రెండో పంటకే ఖాళీ చేయమంటే మీ మూల్యాంకనం సంగతి అటుంచి, జనానికి మీ మీద నమ్మకం పోతుంది. నగరంలోని ఖాళీ స్థలమైతే విత్తనం వేసే ముందు మట్టిలో సీసం ఎంతుందో పరీక్ష చేయించండి. పాత ఇళ్ల పెయింటు, ఒకప్పటి పెట్రోలు పొగ వల్ల అది మట్టిలో చేరి దశాబ్దాలు ఉండిపోతుంది. పిల్లలకు చాలా ప్రమాదం. ఎక్కువగా ఉందని తేలితే బయటి నుంచి శుభ్రమైన మట్టి తెచ్చి ఎత్తు మడుల్లో పెంచాలి. ఆ ఖర్చు బడ్జెట్‌లో ముందే ఉండాలి.

ఇప్పుడు ఒక పెద్ద కాగితం తీసుకుని, ఎడమ చివర మీరు చేసే పని, కుడి చివర మీరు కోరుకునే మార్పు రాసి మధ్యలో బాణాలు గీయండి. ఈ బొమ్మ అందరూ గీస్తారు. కానీ అసలు విషయం బాణాల్లో ఉంటుంది. ప్రతి బాణం మీదా 'ఇది జరగాలంటే ఏది నిజం కావాలి' అని రాయండి. ఉదాహరణకు 'వంట శిక్షణ ఇస్తాం' నుంచి 'ఇంట్లో వారానికి ఎక్కువసార్లు వండుకుంటారు' వరకు బాణం గీశారనుకోండి. దాని మీద రాయాల్సింది: వాళ్లకు వంట రాకపోవడమే అడ్డు, టైమ్ కాదు. ఇది నిజమేనా? మీరు ముందు అడిగి తెలుసుకున్నదాంట్లో టైమ్ లేకపోవడమే అసలు అడ్డు అని తేలితే ఈ బాణం విరిగిపోయినట్టే. అప్పుడు శిక్షణ మానేసి, వంటశాలలో అందరికీ కలిపి వండి ఇంటికి పట్టుకెళ్లే ఏర్పాటు చేయడం మేలు. విరిగిన బాణం కాగితం మీద ఉండగానే కనిపిస్తే ఒక ఏడాది కష్టం, డబ్బు మిగులుతాయి. ఈ కాగితాన్ని మీ కమిటీ ఒక్కటే కాకుండా ఆ కుటుంబాల్లోని కొందరితో కలిసి గీయడం తప్పనిసరి. వాళ్లకు ఏ బాణం నిలబడదో మనకన్నా ముందే తెలుసు.

ఇక కొలతలు. గ్రాంట్ సంస్థ అడిగే 'ఆహార భద్రత' కొలవడానికి బాగా పరీక్షించిన ప్రశ్నలు ఉన్నాయి. ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ తయారుచేసిన ఎనిమిది ప్రశ్నల కొలమానం వాటిలో ఒకటి. సుస్థిర అభివృద్ధి లక్ష్యాల్లో ఆకలికి సంబంధించిన ఒక సూచికకు కూడా దాన్నే వాడుతున్నారు. డబ్బు గానీ ఇతర వనరులు గానీ లేక తిండి సరిపోదేమోనని దిగులు పడ్డారా అన్న ప్రశ్నతో మొదలై, ఒక రోజంతా తినకుండా ఉండాల్సి వచ్చిందా అన్నదాని వరకు వెళ్తుంది. దాన్ని వాడితే పదాలు, వరుస మార్చకండి. మార్చారంటే మీ అంకెను ఇంకెవరి అంకెతోనూ పోల్చలేరు. తిండిలో వైవిధ్యం చూడాలంటే 15 నుంచి 49 ఏళ్ల మహిళలకు ఉద్దేశించిన కొలత ఉంది. ముందు రోజు తిన్నవాటిని పది ఆహార వర్గాలుగా చూసి, కనీసం ఐదు వర్గాల నుంచి తిన్నారా అని లెక్కిస్తారు. అది ఒక సమూహం గురించి చెప్పే అంకె. ఫలానా ఆమె సరిగా తినడం లేదని తేల్చడానికి దాన్ని వాడకూడదు.

ఈ కొలమానాలు మంచివే గానీ, చిన్న ప్రాజెక్టులో వాటిని వాడేటప్పుడు మోసపోయే అవకాశాలు మూడున్నాయి. వీటి గురించి ఎవరూ ముందుగా చెప్పరు, అందుకే కాస్త ఆగి చెబుతున్నాను.

మొదటిది సీజన్. చేతిలో పనిలేని నెలల్లో మొదటి సర్వే, పని బాగా దొరికే నెలల్లో చివరి సర్వే చేస్తే మీరు ఏమీ చేయకపోయినా అంకె మెరుగుపడుతుంది. రెండూ ఒకే నెలలో చేయాలి. ప్రశ్నల్లో 'గత 12 నెలల్లో' అని అడగాలా, 'గత నెల రోజుల్లో' అని అడగాలా అన్నది కూడా ముందే నిర్ణయించుకుని రెండుసార్లూ అదే వాడాలి.

రెండోది ఇంకా సూక్ష్మమైనది. జనం సహాయం కోసం సాధారణంగా తమ పరిస్థితి బాగా దిగజారినప్పుడు వస్తారు. ఉద్యోగం పోయినప్పుడో, ఇంట్లో జబ్బు చేసినప్పుడో. ఏడాది తర్వాత వాళ్లలో చాలామంది ఎలాగూ కొంత కోలుకుంటారు. ఆ కోలుకోవడాన్ని మన ఖాతాలో వేసుకుంటే అది అన్యాయం. దీనికి మందు, మీ దగ్గర పేరు నమోదు చేసుకుని ఇంకా వంతు రాని కుటుంబాలను కూడా అవే ప్రశ్నలు అడగడం. మొదటి ఏడాది యాభై కుటుంబాలతో మొదలుపెట్టి, రెండో ఏడాది మిగతా యాభై కలుపుతామని ప్లాన్ వేస్తే ఈ పోలిక సహజంగానే దొరుకుతుంది. ఎవరు ముందో చీటీలు వేసి తేలిస్తే ఎవరికీ అన్యాయం జరిగిందన్న భావన కూడా ఉండదు. అయితే ఆకలి తీవ్రంగా ఉన్న కుటుంబాన్ని పోలిక కోసం ఏడాది ఆపడం సరికాదు. వాళ్లను చీటీల బయటే పెట్టి ముందే చేర్చుకోండి.

మూడోది సంఖ్య. ముప్పై కుటుంబాల్లో ఇబ్బందిలో ఉన్నవి 18 నుంచి 14కు తగ్గాయంటే, మారింది నాలుగు ఇళ్లలో. నలుగురికి కొత్త పని దొరికినా ఆ తేడా వచ్చేస్తుంది. దాన్ని శాతాల్లో రాసి గొప్పగా చూపించకండి. ఉన్న అంకెను ఉన్నట్టు రాసి, ఆ నాలుగు ఇళ్లకు వెళ్లి ఏం మారిందో అడిగి రాయండి. అది శాతం కంటే ఎంతో విలువైన సమాచారం.

నిజానికి మీకు రోజువారీగా ఎక్కువ ఉపయోగపడేది మామూలు రిజిస్టరు. కోసింది ఎన్ని కిలోలు, కొన్నది ఎన్ని కిలోలు, పంచింది ఎంత, మిగిలిపోయింది ఎంత, ఎన్ని ఇళ్లవాళ్లు వచ్చారు. మిగిలిపోయినది తూచడం చాలామంది మర్చిపోతారు. ఏది మిగిలిపోతోందో చూస్తే జనానికి ఏది అక్కర్లేదో నోరు విప్పి అడగకుండానే తెలుస్తుంది. వాలంటీర్లు పెట్టిన గంటలు కూడా రాయండి. వాటికి జీతం లేకపోయినా అది ఖర్చే. ముగ్గురు మనుషుల ఓపిక మీద నడుస్తున్న ప్రాజెక్టు ఆ ముగ్గురూ అలిసిపోయిన రోజు ఆగిపోతుంది. గంటల లెక్క ఉంటే ఆ ప్రమాదం ముందే కనిపిస్తుంది.

రిజిస్టరులో నేను ముందు చూసేది రావడం మానేసినవాళ్ల వరుస. రెండు నెలలు వచ్చి ఆగిపోయిన ప్రతి ఇంటినీ ఎవరో ఒకరు కలిసి కారణం అడగాలి. వస్తున్నవాళ్లకు సర్వే పెడితే 'చాలా బాగుంది' అంటారు, ఎందుకంటే బాగోలేనివాళ్లు అప్పటికే వెళ్లిపోయారు. పంచే టైమ్ కుదరకపోవడం, వరుసలో నిలబడితే తెలిసినవాళ్లు చూస్తారని సిగ్గు, ఇచ్చినవి వండుకోవడం తెలియకపోవడం. ఇలాంటివి వాళ్ల దగ్గరే దొరుకుతాయి. చాలాసార్లు వీటిని సరిచేయడానికి పైసా కూడా అక్కర్లేదు.

అంకెలకు అందని మార్పుల కోసం ఒక పద్ధతి చెబుతాను. 1990ల్లో రిక్ డేవీస్ అనే ఆయన బంగ్లాదేశ్‌లో ఒక గ్రామీణాభివృద్ధి కార్యక్రమం కోసం తయారుచేసిన పద్ధతి అది. 'ఈ కాలంలో మీ దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన మార్పు ఏది, ఎందుకు' అని అందరినీ అడిగి, వచ్చిన కథనాలను ఒక గుంపుగా కూర్చుని చదివి, వాటిలో ఏది ముఖ్యమైనదో చర్చించి ఎంచుకుంటారు. ఎంచుకున్న కారణాన్ని కూడా రాసిపెడతారు. ఆ చర్చలోనే మీ గుంపు దేనికి విలువ ఇస్తుందో బయటపడుతుంది. ఒక్క జాగ్రత్త తీసుకోండి. చెడు మార్పుల గురించి కూడా విడిగా అడగండి, లేకపోతే మంచి కథలే పోగవుతాయి.

రెడీమేడ్ సూచికల జాబితాలు కావాలంటే ఉన్నాయి. 2015లో అనేక నగరాలు సంతకం చేసిన మిలాన్ నగర ఆహార విధాన ఒప్పందానికి అనుబంధంగా 44 సూచికలు తయారయ్యాయి. అవి నగర పాలక సంస్థల స్థాయికి సంబంధించినవి. మీలాంటి గుంపులకు దగ్గరగా ఉండేది 2009లో అమెరికాలో సామూహిక ఆహార సంఘాలు కలిసి తెచ్చిన చట్రం. అది న్యాయం, బలమైన సమాజం, బతికే వ్యవసాయం, ఆరోగ్యం, పర్యావరణం, స్థానిక ఆర్థిక వ్యవస్థ అనే ఆరు కోణాల నుంచి చూడమంటుంది. చర్చ మొదలుపెట్టడానికి అది బాగా పనికొస్తుంది. ఆరింటిలోనూ సూచికలు పెట్టుకోవద్దు. మీకు ఐదారు కొలతలు చాలు. ఒక్కో కొలత పక్కన 'ఈ అంకె చూసి ఎవరు ఏ నిర్ణయం తీసుకుంటారు' అని రాయండి. జవాబు రాయలేకపోతే ఆ కొలతను కొట్టేయండి. జనం సమయం ఉచితం అనుకుని ఇరవై పేజీల సర్వే పెట్టడం నాకు అస్సలు నచ్చదు.

ఆకలి గురించి అడగడం అంటే ఒక మనిషి గౌరవాన్ని తాకడం. కూరగాయలు పంచే మనిషే సర్వే కూడా చేస్తే నిజమైన జవాబులు రావు. 'బాగోలేదు అంటే వచ్చేవారం ఇవ్వరేమో' అన్న భయం ఉంటుంది. వేరే ఊరి గుంపుతోనో, ఏదైనా కాలేజీ విద్యార్థులతోనో అడిగించండి. సర్వేలో జవాబివ్వకపోయినా వాటా ఆగదని ముందే చెప్పండి. ఎవరైనా 'నిన్న రోజంతా ఏం తినలేదు' అంటే అడిగేవాళ్లు ఏం చేయాలో, ఎవరికి ఫోన్ చేయాలో ముందే తేల్చి ఉండాలి. టిక్కు పెట్టి తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోవడం అమానుషం. చిన్న గుంపుల్లో పేరు తీసేసినా మనిషిని గుర్తుపట్టేస్తారు కాబట్టి 'ముగ్గురు పిల్లలున్న ఒంటరి తల్లి' లాంటి వివరాలు రిపోర్టులో రాయకండి. ఫలితాలు గ్రాంట్ సంస్థకు పంపే ముందు ఆ కుటుంబాలకే చెప్పండి. వాళ్లు చేసే సవరణలు మీ రిపోర్టును కచ్చితంగా మెరుగుపరుస్తాయి.

గ్రాంట్ సంస్థకు జవాబు రాసేటప్పుడు భయపడక్కర్లేదు. వాళ్లలో చాలామందికి కూడా ఈ పరిమితులు తెలుసు, ఫారంలో ఉన్న మాట అడుగుతారంతే. నేనైతే ఇలా రాస్తాను: 'రెండేళ్లలో ఈ ప్రాంతపు ఆహార భద్రతను మారుస్తామని మేము చెప్పడం లేదు. పాల్గొనే కుటుంబాలకు వారానికి ఇన్ని కిలోల కూరగాయలు అందిస్తాం, మొదటి యాభై కుటుంబాల పరిస్థితిని రెండో యాభైతో ఒకే నెలలో పోల్చి చూపిస్తాం, వచ్చి ఆగిపోయినవారి కారణాలు నమోదు చేసి వాటిని బట్టి ఏం మార్చామో రాస్తాం, రెండో ఏడాది చివరికి కమిటీలో సగం మంది ఆ కుటుంబాలవాళ్లే ఉంటారు.' కొలవడానికి బడ్జెట్‌లో 5 నుంచి 10 శాతం అడగండి. ఇది మామూలుగా అందరూ అంగీకరించే వాటానే.

ఆరో నెలకు ఒక సమీక్ష తేదీ ఇప్పుడే పెట్టుకోండి. ఆ రోజు ఏ అంకె ఎలా ఉంటే ఏం మారుస్తారో కూడా ఇప్పుడే రాసుకోండి. హాజరు సగానికి పడిపోతే పంచే రోజు, టైమ్ మారుస్తాం. మిగిలిపోయేది ఐదో వంతు దాటితే ఏం పండించాలో కుటుంబాలతో మళ్లీ ఓటు వేయిస్తాం. వాలంటీర్ల గంటలు ముగ్గురి మీదే పడుతుంటే కొత్తవాళ్లు వచ్చేదాకా వంటశాల మొదలుపెట్టం. ఇలా ముందే రాసుకుంటే ఆరో నెలలో వాదనలు తగ్గుతాయి.

మీ స్థలం కొలతలు, నీటి వసతి, మొదటి విడతలో ఎన్ని కుటుంబాలో రాయండి. బాణాల కాగితం గీశాక దాన్ని కూడా ఇక్కడ పెడితే, ఏ బాణం బలహీనంగా ఉందో కలిసి చూద్దాం.